హెచ్‌ఐవీతో జీవిస్తున్నవారికి లింఫోమా వస్తే: రెండు చికిత్సలనూ కలిపి నడిపించుకునే విధానం

హెచ్‌ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు వాడుతున్న మనిషికి మెడలోనో, చంకలోనో, గజ్జల్లోనో బిళ్ళలు కట్టి వారాలు గడిచినా పెరుగుతూనే ఉంటే, వాటికి తోడు సాయంత్రపు జ్వరం, రాత్రిళ్ళు పక్క తడిసేంత చెమట, బరువు తగ్గడం కనిపిస్తే, వరంగల్ ప్రాంతంలో ఎవరికైనా ముందుగా తట్టేది క్షయ. ఆ అనుమానం న్యాయమైనదే. అయితే శోషరస గ్రంథులకు వచ్చే లింఫోమా అనే క్యాన్సర్ కూడా ఇవే లక్షణాలతో మొదలవుతుంది కనుక, నిర్ధారణ లేకుండా నెలల తరబడి క్షయ మందులు మింగుతూ కూర్చోవడం ప్రాణాల మీదికి తెస్తుంది. బిళ్ళల మీద పసరు కట్టుతో కాలం గడపడం కూడా అంతే ప్రమాదం.

సన్నని సూదితో కణాలు లాగి చూసే పరీక్ష ఒక్కటే లింఫోమాను తేల్చడానికి చాలదు. వీలైతే ఒక బిళ్ళను పూర్తిగా తీయించి బయాప్సీకి పంపమని అడగండి. ఆ ముక్క మీద క్యాన్సర్ కణాల్లోని సీడీ20, కేఐ-67 వంటి ప్రొటీన్ గుర్తులను చూసే ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ కూడా జరగాలి. ఎందుకంటే డిఫ్యూజ్ లార్జ్ బి సెల్, బర్కిట్, ప్లాస్మాబ్లాస్టిక్, హాడ్జ్‌కిన్ అనే లింఫోమా రకాలన్నింటికీ చికిత్స ఒకటి కాదు. వరంగల్‌లో బయాప్సీ చేయించుకొని చికిత్సకు హైదరాబాద్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికో నిమ్స్‌కో వెళ్ళేవారు రిపోర్టు కాగితంతో సరిపెట్టుకోకుండా, ల్యాబ్ నుంచి ఆ ముక్కను భద్రపరిచిన మైనపు బ్లాకులు, గాజు స్లైడ్లు కూడా అడిగి తీసుకెళ్ళాలి. అవి లేక మళ్ళీ ముక్క తీయవలసి వస్తే విలువైన రోజులు పోతాయి, బర్కిట్ లాంటి వేగవంతమైన రకంలో ఆ రోజులే కీలకం.

అన్నిటికన్నా ముఖ్యమైన విషయం ఏఆర్‌టీ ఆపకపోవడం. కీమో నడిచేటప్పుడు ఒంటికి ఇన్ని మందులు ఎందుకని హెచ్‌ఐవీ మాత్రలు పక్కన పెట్టేవారు ఉన్నారు. అది పెద్ద పొరపాటు. 1996 ప్రాంతంలో శక్తిమంతమైన ఏఆర్‌టీ రాకముందు ఈ రోగుల్లో ఎక్కువమంది కొన్ని నెలలకు మించి బతికేవారు కాదు. నేడు వైరస్ అదుపులో ఉండి, పూర్తి మోతాదులో కీమో తీసుకోగలిగినవారి ఫలితాలు చాలా రకాల్లో హెచ్‌ఐవీ లేనివారి ఫలితాలకు దగ్గరగా ఉంటున్నాయి. కాబట్టి హెచ్‌ఐవీ ఉందన్న ఒక్క కారణంతో ఎవరైనా చికిత్స తగ్గించి ఇస్తామంటే, ఎందుకో వివరంగా అడిగే హక్కు మీకుంది.

అయితే ఏ ఏఆర్‌టీ అన్నది తప్పనిసరిగా చూసుకోవాలి. టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ కలిసిన మాత్ర వాడుతున్నవారికి చిక్కులు తక్కువ. అటాజనవిర్, లోపినవిర్, దరునవిర్ వంటి మందులను రిటోనవిర్‌తో కలిపి వాడుతున్నవారి పరిస్థితి వేరు: రిటోనవిర్ కాలేయంలో మందులు విరిగే దారిని మూసివేయడం వల్ల విన్‌క్రిస్టిన్, విన్‌బ్లాస్టిన్ అనే కీమో మందులు రక్తంలో పేరుకుపోయి, కాళ్ళు చేతుల తిమ్మిరి, తీవ్రమైన మలబద్ధకం, తెల్ల రక్తకణాల పతనం దాకా తీసుకెళ్ళవచ్చు. జిడోవుడిన్ అనే హెచ్‌ఐవీ మందు ఎముక మూలుగను అణచివేస్తుంది, కీమో చేసే పనీ అదే. ఇలాంటి మందులు వాడుతుంటే మొదటి కీమోకు ముందే ఏఆర్‌టీ కేంద్రం డాక్టరును కలిసి మార్పు గురించి అడగాలి; సొంతంగా మాత్రం ఒక్క మాత్ర కూడా ఆపకూడదు. క్షయ కూడా ఉండి రిఫాంపిసిన్ వాడుతుంటే డోలుటెగ్రావిర్ 50 మి.గ్రా. రోజుకు రెండుసార్లు కావాలి. గ్యాస్ సిరప్, కాల్షియం, ఐరన్ మాత్రల వంటివి డోలుటెగ్రావిర్ ఒంటబట్టకుండా అడ్డుకుంటాయి కనుక, వాటికి 2 గంటల ముందు గానీ 6 గంటల తర్వాత గానీ దాన్ని వేసుకోవాలి.

ఈ కారణంగానే క్యాన్సర్ డాక్టరు దగ్గర హెచ్‌ఐవీ సంగతి దాచకూడదు. భయం సహజమే. కానీ 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం వైద్యం నిరాకరించడం, వివక్ష చూపడం నేరుగా నిషిద్ధం, మీ వివరాలను గోప్యంగా ఉంచడం ఆసుపత్రి బాధ్యత. తోడు వచ్చిన బంధువులకు తెలియకూడదనుకుంటే ఆ మాట డాక్టరుతో ఒంటరిగా ముందే చెప్పండి. సందేహాలకు 1097 హెల్ప్‌లైన్ ఉంది.

బి సెల్ రకాలకు సాధారణంగా ఆర్-చాప్ అనే మందుల కలయికను 21 రోజులకొకసారి, చాలావరకు 6 విడతలు ఇస్తారు. ఉద్ధృతమైన రకాలకు ఈపాక్ విధానంలో 4 రోజులపాటు ఆగకుండా మందు ఎక్కిస్తారు. హాడ్జ్‌కిన్‌కు ఏబీవీడీ అనే మరో కలయిక వాడతారు. ఆర్-చాప్‌లో ఒకటైన రిటుక్సిమాబ్‌కు ముందు హెపటైటిస్ బి పరీక్ష తప్పనిసరి, లేకుంటే అణగి ఉన్న ఆ వైరస్ విజృంభించవచ్చు. టెనోఫోవిర్, లామివుడిన్ దాన్ని కూడా అదుపు చేస్తాయి గనుక ఏఆర్‌టీ కొనసాగించడానికి ఇది మరో కారణం. రోగనిరోధక శక్తిని చూపే సీడీ4 కణాల సంఖ్య 50 కన్నా తక్కువ ఉంటే రిటుక్సిమాబ్ వల్ల ఇన్ఫెక్షన్ల ముప్పు పెరుగుతుంది, దాన్ని ఇవ్వాలా వద్దా అన్నది డాక్టరు తూచి నిర్ణయించాలి. ఈ కలయికల్లో గుండెను దెబ్బతీయగల డాక్సోరుబిసిన్ ఉన్నందున గుండెకు ఎకో కూడా తీయిస్తారు.

కీమో కాలంలో సీడీ4 ఎంత ఉన్నా కో-ట్రైమోక్సజోల్ మాత్ర సాధారణంగా రాస్తారు, ఊపిరితిత్తుల్లో వచ్చే న్యుమోసిస్టిస్ న్యుమోనియాను ఆపడానికి. థర్మామీటరు ఇంట్లో ఉండాలి. జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు చేరితే పారాసిటమాల్ వేసుకొని తెల్లవారేదాకా ఆగడం, ఊళ్ళో ఆర్ఎంపీ దగ్గర సూది వేయించుకోవడం రెండూ పనికిరావు. తెల్ల రక్తకణాలు పడిపోయినప్పుడు ఆ జ్వరం గంటల్లో ముదిరిపోతుంది కాబట్టి వెంటనే పెద్దాసుపత్రికి చేరాలి. ఎండాకాలం మరిగించి చల్లార్చిన నీరు ధారాళంగా తాగాలి, కల్లు మానాలి, కణాలు తగ్గే రోజుల్లో జాతరల జన సమ్మర్దానికి దూరంగా ఉండాలి.

ఖర్చు విషయంలో ఆరోగ్యశ్రీ కింద ఏ విడతకు అనుమతి వచ్చిందో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడిగి తెలుసుకోండి. చికిత్స కోసం హైదరాబాద్‌లో ఎన్ని రోజులు ఉండాలో చూసుకొని, వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి ఏఆర్‌టీ కేంద్రంలోనో మీ జిల్లా కేంద్రంలోనో అన్ని రోజులకు సరిపడా మాత్రలు ముందే అడగాలి.

కీమో ముగిశాక సీడీ4 బాగా తగ్గి ఉంటుంది, కోలుకోవడానికి నెలలు పడుతుంది. అది ఏఆర్‌టీ విఫలమైందన్న గుర్తు కాదు, రక్తంలో వైరస్ ఎంత ఉందో చెప్పే వైరల్ లోడ్ చూస్తే తేలుతుంది. సీడీ4 తగినంత పెరిగి నిలకడగా ఉందని డాక్టరు చెప్పేవరకూ కో-ట్రైమోక్సజోల్ ఆపవద్దు. డిశ్చార్జి కాగితంలో ఎన్ని విడతలు ఇచ్చారో, డాక్సోరుబిసిన్ మొత్తం ఎంత పడిందో రాయించుకొని, ఆ కాగితం నకలు ఏఆర్‌టీ కేంద్రంలోని మీ ఫైలులో పెట్టించండి.