అప్పు డిక్రీలో అరెస్టు నోటీసొస్తే కౌంటర్ రాసే పద్ధతి

నల్గొండ కోర్టులో సివిల్ కేసులు చూసే నా దగ్గరికి ఎండాకాలం రాగానే రైతులు ఒకే రకం కాగితం పట్టుకొని వస్తారు. ప్రామిసరీ నోటు మీద డిక్రీ (బాకీ కట్టాలన్న కోర్టు తీర్పు) అయింది, డబ్బు కట్టలేదు, అవతలివాళ్లు ఈపీ (డిక్రీ అమలు చేయమనే పిటిషన్) వేశారు. సివిల్ జైలుకు ఎందుకు పంపకూడదో చెప్పమని సీపీసీ (సివిల్ కేసులు నడిచే పద్ధతి చెప్పే చట్టం) ఆర్డర్ 21 రూల్ 37 కింద నోటీసు. ఎంత టెన్షన్ ఉన్నా ఆ వాయిదాకు రావాల్సిందే. రాకపోతే అవతలివాళ్లు అడగగానే వారెంటు వెళ్తుంది.

నోటీసు ఆడమనిషి పేరు మీద ఉంటే కౌంటర్‌లో, అంటే నోటీసుకు కోర్టులో వేసే రాతపూర్వక జవాబులో, ఒక్క పేరా చాలు. సీపీసీ 56వ సెక్షన్ ప్రకారం డబ్బు డిక్రీలో ఆడవాళ్లను అరెస్టు చేయకూడదు.

మగవాళ్లకు ఆసరా 1980 నాటి సుప్రీంకోర్టు తీర్పు, జాలీ జార్జ్ వర్గీస్ వర్సెస్ బ్యాంక్ ఆఫ్ కొచ్చిన్. రాసింది జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్. పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒడంబడికలో మన దేశం 1979లో చేరింది. ఒప్పుకున్న బాకీ కట్టలేకపోయాడన్న ఒక్క కారణంతో ఎవరినీ జైల్లో పెట్టకూడదని దాని 11వ అధికరణం చెబుతుంది.

ఇది చదివి కొత్తలో నేను కౌంటర్ మొత్తం ఆ అధికరణం మీదే రాశాను. గుర్రంపోడు వైపు బత్తాయి రైతు కేసు అది. అవతలి వకీలు లేచి, "దీన్ని పార్లమెంటు చట్టం చేసిందా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఆ రోజే అరెస్టు ఆర్డరైంది. ఆయన భార్య చెప్పులు చేత్తో పట్టుకొని కోర్టు వరండాలో నిలబడ్డది ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది.

అందుకే జూనియర్లకు ఇది గట్టిగా చెబుతాను. మన దగ్గర ఒడంబడిక దానంతటదే చట్టం కాదు. రాజ్యాంగం 253వ అధికరణం కింద పార్లమెంటు చట్టం చేయాలి. అంతర్జాతీయ చట్టాన్ని గౌరవించాలనే రాజ్యాంగం 51(సి) అధికరణం ఆదేశిక సూత్రం మాత్రమే, దాన్ని కోర్టులో అమలు చేయించలేం. కృష్ణయ్యర్ గారు కూడా ఒడంబడికను సూటిగా అమలు చేయలేదు. బాకీదారుణ్ని ఎప్పుడు జైలుకు పంపవచ్చో చెప్పే సీపీసీ 51వ సెక్షన్‌కు రెండర్థాలు వచ్చే చోట, రాజ్యాంగం 21వ అధికరణానికీ ఒడంబడికకూ పొసిగే అర్థం తీసుకున్నారు. చట్టం స్పష్టంగా వేరే మాట చెబితే ఇక్కడి కోర్టు చట్టం వైపే ఉంటుంది.

కాబట్టి కౌంటర్ 51వ సెక్షన్‌తో మొదలుపెట్టండి. దావా పడ్డాక దురుద్దేశంతో ఆస్తి దాచాడనో, బదలాయించాడనో, స్తోమత ఉండీ కట్టలేదనో అవతలివాళ్లు రుజువు చేయాలి. బాకీ ఉందన్న మాట ఒక్కటే చాలదు.

తర్వాత మీ పరిస్థితి రాయండి. 'పంట పోయింది' అని ఊరుకోవద్దు. బోరు ఏ నెలలో ఎండింది, ఎన్ని చెట్లు కొట్టేశారు, ఇంట్లో ఎవరి వైద్యానికి ఎంతయింది, అన్నీ రాయండి. పహాణీ (భూమి, పంట వివరాల రెవెన్యూ రికార్డు) నకలు, బ్యాంకు స్టేట్‌మెంట్, ఆసుపత్రి బిల్లులు జతచేయండి. రైతు కాపురముండే ఇల్లు, సేద్యానికి కావాల్సిన ఎడ్లు, పనిముట్లు, విత్తనాలు స్తోమత లెక్కలోకి రావు. 60వ సెక్షన్ వాటిని జప్తు నుంచి తప్పించింది, అలా తప్పించిన ఆస్తిని లెక్కలోంచి తీసేయమని 51వ సెక్షన్ కింది వివరణే చెబుతోంది. ఈ సంగతి చాలామంది వదిలేస్తారు, అది చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

ఒడంబడిక చివరి పేరాలో రావాలి. నేనిలా రాస్తాను: "51వ సెక్షన్‌ను 1980 తీర్పు చెప్పినట్టు 11వ అధికరణానికి అనుగుణంగా చదవాలని మనవి. నేను కట్టలేకపోయాను, ఎగ్గొట్టలేదు." నెలకు ఎంతో కొంత కట్టగలిగితే అదీ రాయండి, కానీ కట్టలేని అంకె వేయొద్దు. చెక్ బౌన్స్ కేసుకు మాత్రం ఈ కౌంటర్ పనికిరాదు, అది క్రిమినల్ దారి.

క్రాస్ ఎగ్జామినేషన్‌లో డిక్రీహోల్డర్‌ను (డిక్రీ పొందిన అప్పిచ్చినవాణ్ని) ఒకటే అడగండి: "దావా తర్వాత ఈయన ఏ సర్వే నంబరు భూమి, ఎవరికి అమ్మాడు?" జవాబు వచ్చేదాకా రెండో ప్రశ్న వేయకండి.