పాత పామ్ పరికరం డెస్క్‌టాప్‌తో సింక్ కాకపోతే

పామ్ అనేది చిరునామాల వంటివి దాచుకునే పాతకాలపు చేతి పరికరం; అందులోని సమాచారాన్ని కంప్యూటర్‌తో సరిపోల్చి ఒకేలా ఉంచడమే సింక్. పామ్ 3 వంటి నమూనాలలో బ్యాటరీలు పూర్తిగా అయిపోతే అందులోని చిరునామాలన్నీ చెరిగిపోతాయి కాబట్టి, ఏ ప్రయత్నానికైనా ముందు కొత్త సెల్స్ వేయండి. విశాఖపట్నంలో, ముఖ్యంగా బీచ్ రోడ్డు వైపు ఇళ్లలో, ఉప్పుగాలికి లోహం త్వరగా చిలుము పడుతుంది. అందువల్ల సాఫ్ట్‌వేర్‌ను అనుమానించేలోపే క్రేడిల్‌లోని (పరికరాన్ని నిలబెట్టి కంప్యూటర్‌కు కలిపే పీఠంలోని) సన్నని పిన్నులను పరిశీలించి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన దూదిపుల్లతో ఆకుపచ్చ పొర పోయేవరకు మెల్లగా తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి. గీకడం మాత్రం వద్దు.

సీరియల్ క్రేడిల్ అయితే, కంప్యూటర్‌లో సింక్ నడిపే ప్రోగ్రామ్ అయిన హాట్‌సింక్ మేనేజర్‌లో సరైన కామ్ పోర్టును (క్రేడిల్ తీగ తగిలించిన సీరియల్ పోర్టును) ఎంచుకుని, వేగాన్ని సెకనుకు 9600 బిట్లకు తగ్గించి చూడండి. యూఎస్‌బీ క్రేడిల్ అయితే, క్రేడిల్ మీది హాట్‌సింక్ బటన్ నొక్కిన తరువాతే కంప్యూటర్ పరికరాన్ని గుర్తిస్తుంది. 64 బిట్ విండోస్‌కు పామ్ సంస్థ యూఎస్‌బీ డ్రైవర్ ఇవ్వలేదు కనుక, 32 బిట్ విండోస్ ఎక్స్‌పీ ఉన్న పాత కంప్యూటరే నా దృష్టిలో నమ్మదగినది.