సముద్రస్నానపు రోబ్‌ను బజారుకు వేసుకువెళ్లడం ఎలా

బరంపురంలో పుష్యమాసపు తెల్లవారుజామున పాలకో కూరలకో బయలుదేరినవారి ఒంటి మీద శాలువా, మంకీ క్యాపు, పాత స్వెట్టరు తప్ప మరొకటి కనిపించడం అరుదు. నేను మాత్రం మూడు చలికాలాలుగా ఛేంజింగ్ రోబ్ వేసుకుని తిరుగుతున్నాను. ఆరుబయట నీళ్లలో ఈదినవారు ఒడ్డుకు వచ్చాక పైన వేసుకుని, చేతులు లోపలికి లాక్కుని, తడి బట్టలు విడిచి పొడి బట్టలు కట్టుకోవడానికి వీలుగా కుట్టిన, తల మీదికి ముసుగు ఉన్న వదులైన పొడవాటి అంగీకి ఆ పేరు. మా ఊరికి దగ్గరి గోపాల్‌పూర్ సముద్రపు ఒడ్డు కోసం మొదలైన ఈ అంగీ బజారులో నవ్వులపాలు కాకుండా ఉండాలంటే ఏ బట్ట ఎంచుకోవాలో, ఎలా కుట్టించుకోవాలో, ఏ వేళకు వేసుకోవాలో నా పొరపాట్లతో సహా వివరిస్తాను.

ఇది పుట్టిన చోటు మనకు చాలా దూరం. ఇంగ్లండులోని డెవన్ ప్రాంతంలో గిడియన్ బ్రైట్ అనే సర్ఫర్ (పలక మీద నిలబడి కెరటాలపై జారే ఆటగాడు) 2010లో డ్రైరోబ్ పేరుతో దీని వ్యాపారం మొదలుపెట్టారు. బయట వాన, గాలి చొరని బట్ట, లోపల గొర్రె ఉన్నిలా కనిపించే కృత్రిమపు ఉన్ని దాని ప్రత్యేకత. 2020లో కోవిడ్ వల్ల ఈతకొలనులు మూతపడినప్పుడు అక్కడి జనం సముద్రాలకూ చెరువులకూ మళ్లారు. వారి వెంట ఈ రోబ్ కూడా ఒడ్డు దాటి వీధుల్లోకి, కాఫీ దుకాణాల్లోకి వచ్చేసింది. అది అందరికీ నచ్చలేదు. ఆ ఏడాది చివర్లో ఐర్లండులోని డబ్లిన్ దగ్గర ఫోర్టీ ఫుట్ అనే పాత ఈతరేవు వద్ద, డ్రైరోబ్‌లకూ వాటిని వేసుకునే తరహా మనుషులకూ ఇక్కడ చోటు లేదని ఎవరో కాగితం అంటించారు. వేషం చూసి వెక్కిరించడం మన ఊరి వాళ్ల సొత్తేమీ కాదని అప్పుడే నాకు అర్థమైంది.

అయితే అక్కడి రోబ్‌ను యథాతథంగా తెప్పించుకోవడం మన ప్రాంతానికి పనికిరాదు. అక్కడ చలికాలంలో సముద్రపు నీరు 10 డిగ్రీల లోపుకు దిగుతుంది. అంత చల్లటి నీటిలోంచి బయటికి వచ్చిన తరువాత కూడా చల్లబడిన చర్మం, కండరాలు లోపలి వేడిని లాక్కుంటూనే ఉంటాయి కనుక ఒళ్లు మరికొంతసేపు చల్లబడుతూనే పోతుంది. అందుకే వారికి అంత మందపు ఉన్ని అవసరమైంది. గోపాల్‌పూర్‌లో జనవరిలోనూ నీరు 20 డిగ్రీలకు పైనే ఉంటుంది, తడి ఒంటికి గాలి తగిలినప్పుడే వణుకు పుడుతుంది. ఆ పైన మన తీరపు గాలిలో ఎప్పుడూ తేమే. బొచ్చు కోటు వేసుకుని బడాబజారులో పది నిమిషాలు తిరిగితే లోపల మళ్లీ స్నానం చేసినట్టే ఉంటుంది. కాబట్టి తీరంలో ఉండేవారు టర్కీ తువ్వాలు బట్టతో, కోరాపుట్, జయపురం వైపు కొండల మీద ఉండేవారు ఫ్లీస్ అనే మెత్తటి, వెచ్చటి కృత్రిమపు బట్టతో కుట్టించుకోవాలని నా అభిప్రాయం.

టర్కీ తువ్వాలు బట్టలో బరువును జీఎస్ఎం లెక్కన, అంటే చదరపు మీటరుకు ఎన్ని గ్రాములన్న లెక్కన చెబుతారు. హోటళ్లలో కనిపించే 500, 600 జీఎస్ఎం తువ్వాళ్లు చేతికి మెత్తగా తగులుతాయి కాని మన తేమలో రెండు రోజులకు గాని ఆరవు. 350 నుంచి 400 మధ్యలో ఉన్నది చాలు. వెడల్పు 75 సెంటీమీటర్లు, పొడవు 150 సెంటీమీటర్లు ఉన్న పెద్ద తువ్వాళ్లు రెండు, ముసుగు కోసం మరో చిన్న తువ్వాలు కొంటే ఒక మనిషికి సరిపోతుంది. 400 జీఎస్ఎంలో ఆ రెండు పెద్దవాటి బరువే 900 గ్రాములు అవుతుంది కనుక అంతకు మించిన మందం జోలికి పోవద్దు. తెల్లరంగు అసలే వద్దు. తెల్లటి టర్కీ అంగీతో నేను మొదటిసారి వీధిలోకి వెళ్లినప్పుడు ఎదురింటి పెద్దాయన కంగారుగా దగ్గరికి వచ్చి, "ఏ ఆసుపత్రిలో చేర్చారు బాబూ?" అని అడిగారు. బాగా ముదురు రంగు మీద ఉప్పు చారలు తెల్లగా తేలతాయి. ఇటుక రంగు, బూడిద రంగు, ఆకుపచ్చలో మట్టి కలిసినట్టుండే రంగు మేలు.

కొన్న తువ్వాళ్లను దర్జీకి ఇచ్చేముందు రెండుసార్లు ఉతికి ఎండలో ఆరవేయాలి, ఎందుకంటే కొత్త నూలు ముడుచుకుంటుంది. పైగా కొత్త తువ్వాలుకు పట్టించిన మెరుగు పోయేదాకా అది నీటిని సరిగా పీల్చదు. తరువాత ఒక్కొక్క తువ్వాలులో 105 సెంటీమీటర్ల వరకు ఒంటికి, మిగిలిన ముక్క చేతులకు వేయించాలి. ఒకటి ముందుభాగం, ఒకటి వెనుకభాగం అవుతాయి. అమ్మకానికి వచ్చే సర్ఫ్ పోంచోలు తలమీదుగా దించుకునే రకం. బజారుకు వేసుకోవాలంటే ముందుభాగాన్ని నిలువునా చీల్చి జిప్పు పెట్టించుకోవడమే మర్యాద, ఎందుకంటే చెమట పట్టినప్పుడు నలుగురిలో తలమీదుగా అంగీ ఊడదీయడం చూసేవారికీ బాగుండదు, మనకూ బాగుండదు.

మా దర్జీ ఈ ఊళ్లోనే పుట్టి పెరిగిన తెలుగాయన, మాట తెలుగులో మొదలై ఒడియాలో ముగుస్తుంది. తువ్వాళ్లు చూసి, "ఇది నైటీయా, రెయిన్‌కోటా బాబూ? ఏ కొలత మీద కత్తెర వేయమంటారు?" అని అడిగారు. ఛాతీ కొలత, భుజం కొలత ఈ పనికి అంతగా అక్కరకు రావు. ముందు పొడికుట్టు వేయించి, అంగీ తొడుక్కుని, జిప్పు పూర్తిగా పైకి లాగి, రెండు చేతులూ లోపలికి తీసుకుని నడుము దగ్గర పంచె విప్పి కట్టుకున్నట్టు చేసి చూడాలి. నేను ఆయన కొట్లోనే, ఇస్త్రీ బల్ల పక్కన నిలబడి చేసి చూశాను: కుడి మోచెయ్యి చంక దగ్గర ఇరుక్కుపోయింది. ఆయన సుద్దముక్కతో అక్కడే గీత గీసి, రెండు వైపులా చంక కింద రెండేసి అంగుళాలు వదిలారు, మోచెయ్యి సులువుగా తిరిగింది. ఈ పరీక్ష చేయకుండా గట్టి కుట్టు వేయించుకున్నవారు ఒడ్డున అంగీలో చిక్కుకుపోతారు.

జిప్పు విషయంలో పిసినారితనం పనికిరాదు. ఉప్పునీటికి లోహపు పళ్లు తుప్పు పట్టి పట్టేస్తాయి, కాబట్టి ప్లాస్టిక్ పళ్ల జిప్పు, అందులోనూ కింది నుంచి కూడా తెరుచుకునే రెండు లాగుడు బిళ్లల జిప్పు అడగాలి. టర్కీ బట్ట ఉంగరాల పోగులు జిప్పు పళ్లలో పడి లాక్కుపోతాయి. అలా జరగకుండా జిప్పుకు రెండు వైపులా మూడు సెంటీమీటర్ల వెడల్పున నున్నటి నూలు పట్టీ వేయించాలి. జేబులు కూడా తువ్వాలు బట్టతోనే కుడితే తాళంచెవుల బరువుకే సాగి వేలాడతాయి, లోపల పాప్లిన్ వేయించడం మంచిది.

ఇక్కడ నా పట్టు సరదా గురించి చెప్పుకోవాలి. బరంపురంలో ఉంటూ పట్టు లేని ఉడుపేమిటన్న గీరతో మా ఇంట్లోని పాత పట్టుచీర అంచు, గోపురాల వరుసలా ఉండే ఫోడా కుంభం అంచు, ముసుగు చుట్టూ కుట్టించాను. కుట్టించిన నాటి అందం మూడు ఉతుకులకు మించలేదు: ఉప్పునీటికి పట్టు బిరుసెక్కింది, దాని కింద తువ్వాలు బట్ట ఇంకాస్త ముడుచుకుని అంచంతా కుచ్చులు పడింది. ఇప్పుడు దాని స్థానంలో కోరాపుట్ జిల్లాలోని కోట్‌పాడ్ నేత నూలుగుడ్డ పట్టీ ఉంది. ఆల్ చెట్టు వేరు నుంచి తీసే ఆ ముదురెరుపు ఇటుక రంగు మీద ఒద్దికగా ఇమిడిపోయింది, నూలు మీద నూలు కనుక రెండూ ఒక్కతీరుగా నడుచుకుంటున్నాయి.

వేసుకోవడంలో నేను తప్పకుండా పాటించే నియమం ఒకటి ఉంది: సముద్రం దగ్గర తడిసిన రోబ్‌ను ఆ రోజు ఊళ్లోకి వేసుకురాను. తడి టర్కీ బట్ట రెండు మూడు కిలోల బరువు తూగుతుంది, ఇసుక రాలుస్తుంది, వాసన వేస్తుంది, ఎంత అందంగా కుట్టినా తడి తువ్వాలులాగే కనిపిస్తుంది. వీలైతే ఒడ్డుకు మోకాలి కిందికి వచ్చేది ఒకటి, వీధికి మోకాలి పైదాకా ఉండే పలుచనిది ఒకటి పెట్టుకోవాలి. ఒక్కటే ఉన్నవారు దానిని వారమంతా వీధికి వాడి, ఆదివారం ఒడ్డుకు తీసుకువెళ్లి, తిరిగి వచ్చేటప్పుడు సంచిలో వేసుకు రావచ్చు.

కింద వేసుకునేవి బిగువుగా, సాదాగా ఉండాలి. పైన అంత వదులు పెట్టుకుని కింద లుంగీ కట్టుకుంటే మనిషి మూటలా కనిపిస్తాడు. సన్నని ప్యాంటు, కాలికి చెప్పులకు బదులు బూట్లు వేసుకుంటే అదే అంగీ కావాలని వేసుకున్నట్టు ఉంటుంది. చేతులను ఒక మడత పైకి మడిచి, జిప్పును ఛాతీ సగం దాకా దించి, ముసుగును వెనక్కి వదిలేయాలి. ఆడవారికి ఇది మరింత అక్కరకు వస్తుందని మొదట గ్రహించింది జయపురంలోని మా వదిన. నైటీ మీద తువ్వాలు కప్పుకుని పాలవాడి కోసం గుమ్మం దాకా రావడం మన ఇళ్లలో ఉన్నదే; ఆ తువ్వాలుకే చేతులు, జేబులు, జిప్పు వచ్చాయనుకుంటే సరిపోతుంది. ఆమె దానిని చూసిన రోజునే తీసుకున్నారు, నేను మరొకటి కుట్టించుకోవలసి వచ్చింది.

స్కూటరు మీద వెళ్లేవారు రెండు జాగ్రత్తలు తీసుకోవాలి. కూర్చునేముందు జిప్పును కింది నుంచి తొడల దాకా తెరిచి, రెండు అంచులనూ తొడల కింద నొక్కి పెట్టాలి. చున్నీలు, చీరకొంగులు వెనుక చక్రంలో పడి జరిగిన ప్రమాదాలు మనం వినని వీధి లేదు, ఈ అంగీ అంచుకు కూడా అదే ప్రమాదం ఉంది. రెండవది, ముసుగు వేసుకుని దాని మీద హెల్మెట్ పెట్టకూడదు. హెల్మెట్ తలకు సరిగా కూర్చోదు, పక్కనుంచి వచ్చే బండీ కనిపించదు.

వేళను బట్టే దీనికి మర్యాద దక్కుతుంది. తెల్లవారుజాము నుంచి ఎండ ఎక్కేదాకా, మళ్లీ రాత్రి ఎనిమిది దాటాక టీ కొట్టు, కూరల బజారు, రైల్వే స్టేషను, కొడుకునో కూతురినో ట్యూషనుకు దింపడం వంటి పనులకు ఎవరూ వింతగా చూడరు. గుడికి, భోజనాల పిలుపుకు, పరామర్శకు, ఆఫీసుకు ఇది తగదు. రైలు ప్రయాణానికి మాత్రం దీనిని మించినది లేదు. హీరాఖండ్ ఎక్స్‌ప్రెస్‌లో రాత్రి బరంపురంలో ఎక్కి తెల్లవారాక కోరాపుట్ వైపు దిగేవారికి దారంతా దుప్పటిగా, దిగేటప్పుడు కోటుగా పనిచేస్తుంది. రాయగడ దాటాక సొరంగాలు, లోయలు చూడాలని తలుపు దగ్గర నిలబడినవారికి ముసుగు విలువ తెలుస్తుంది. ఆ కొండల మీద చలికాలపు ఉదయాలు పది డిగ్రీల లోపుకు దిగుతాయి కనుక అక్కడికి ఫ్లీస్ లైనింగు, గాలి చొరని పైబట్ట ఉన్నదే తీసుకువెళ్లాలి.

ఒడ్డున వాడేటప్పుడు ఒక్క మాట. గోపాల్‌పూర్ కెరటాలు బలమైనవి, కాళ్లకింద ఇసుకను లాగేస్తాయి. అక్కడ తరతరాలుగా వేటకు వెళ్లే నోలియాలు మన తెలుగువారే, వారు దిగవద్దన్న చోట దిగవద్దు. రోబ్ నీళ్లలోకి వేసుకువెళ్లే వస్త్రం కాదు, తడిస్తే బరువుతో కిందికి లాగుతుంది. ఒడ్డున తోడు వచ్చినవారి చేతికి ఇచ్చి వెళ్లాలి.

ఇంటికి వచ్చిన వెంటనే మంచినీటిలో రెండుసార్లు జాడించాలి. బట్టలో మిగిలిన ఉప్పు గాలిలోని తేమను పీల్చుకుంటుంది కనుక సరిగా జాడించని రోబ్ ఎన్ని ఎండలు తగిలినా చేతికి చెమ్మగానే ఉంటుంది. మెత్తదనం కోసం కలిపే ద్రావకాలు పోగుల మీద పొరగా పేరుకుని నీరు పీల్చే గుణాన్ని తగ్గిస్తాయి, వాటిని వాడవద్దు. జిప్పు మూసి ఉతికి, తిరగేసి, భుజాల దగ్గర పట్టి కాకుండా నడుము దగ్గర తాడు మీద సగానికి వేసి ఆరవేస్తే సాగదు. ఫ్లీస్ అయితే గోరువెచ్చని నీరు దాటకూడదు, ఇస్త్రీ పెట్టె తగలకూడదు.

శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్లిపోతుందంటారు. మా ఊళ్లో ఒక్కోసారి అంతకంటే ముందే వెళ్లిపోతుంది. అప్పుడు రోబ్‌ను రెండు పూటలు గట్టి ఎండలో ఉంచి, జేబులు దులిపి, ఎండిన వేపాకు వేసి పాత దిండు గలీబులో మడిచి పెట్టాలి. ప్లాస్టిక్ సంచిలో పెడితే వానాకాలంలో బూజు పడుతుంది, నా మొదటి తెల్ల అంగీ అలాగే పోయింది. కార్తీక స్నానాలకు వారం ముందు తీసి, ఒకసారి జాడించి ఆరవేస్తే మళ్లీ ఒడ్డుకూ బజారుకూ సిద్ధమవుతుంది.