పక్కనున్న సల్ఫర్ రియాక్షన్ రేటును ఎంత పెంచుతుందో బొమ్మలోనే పట్టుకోవడం

ఎమ్మెస్సీ ఎంట్రన్స్‌కు చదివే పిల్లలకు నేను ఆర్గానిక్ చెబుతాను. ‘ఏ క్లోరైడ్ ముందు రియాక్ట్ అవుతుంది?’ అన్న ప్రశ్నలో సల్ఫర్ కనిపించగానే చాలామంది ఇండక్టివ్ ఎఫెక్ట్ (బంధాల గుండా ఎలక్ట్రాన్లను లాగడం) అని రాసేస్తారు. తొందరపడకండి. ముందు సల్ఫర్ మీద లోన్ పెయిర్ (బంధంలో చేరని ఎలక్ట్రాన్ జత) చుక్కలు పెట్టండి.

తర్వాత సల్ఫర్ నుంచి క్లోరిన్ పట్టుకున్న కార్బన్ దాకా, ఆ రెండింటినీ కలుపుకుని, పరమాణువులు లెక్కపెట్టండి. మూడొస్తే సల్ఫర్ ఆ కార్బన్ వెనక నుంచి, అంటే క్లోరిన్‌కు ఎదురు దిక్కు నుంచి వచ్చి క్లోరిన్‌ను సాగనంపుతుంది, మూడు మూలల ఎపిసల్ఫోనియం అయాన్ ఏర్పడుతుంది. ఐదొచ్చినా సాయం బాగానే అందుతుంది. నాలుగొస్తే ఆశ వదులుకోండి. సల్ఫర్ స్థానంలో ఆక్సిజన్ ఉంటే ఈ సాయం బాగా తగ్గిపోతుంది, దాని ఎలక్ట్రాన్లు అంత తేలిగ్గా కదలవు.

1917 జూలైలో బెల్జియంలోని ఈప్ర్ దగ్గర సైనికుల మీద ప్రయోగించిన మస్టర్డ్ గ్యాస్ పనిచేసింది ఈ మెట్టుతోనే. అందుకే గట్టిగా చెబుతున్నా, ఇది కాగితం మీదే నేర్చుకోండి. ఒకే క్లోరిన్ ఉన్న దాని చుట్టాలు కూడా ఒంటిని కాల్చేస్తాయి.

అసలు చిక్కు సైక్లోహెక్సేన్‌లో, అంటే చెయిర్ (కుర్చీ) ఆకారంలో గీసే ఆరు కార్బన్ల రింగ్‌లో వస్తుంది. 2-క్లోరోసైక్లోహెక్సైల్ ఫినైల్ సల్ఫైడ్ ట్రాన్స్ రూపాన్ని (రెండు గ్రూపులూ రింగ్‌కు చెరో వైపు ఉన్నదాన్ని) మా క్లాసులో ఒకమ్మాయి రెండు గ్రూపులూ ఈక్వటోరియల్‌గా (పక్కకు చాచినట్టు) గీసి, "మేడమ్, సల్ఫర్ వెనక్కి ఎలా వెళ్తుంది?" అని అడిగింది. మంచి ప్రశ్న. "చెయిర్ తిప్పి మళ్లీ గీయమ్మా" అన్నాను. గీసింది. సల్ఫర్ పైకి, క్లోరిన్ కిందికి, రెండూ యాక్సియల్‌గా (నిలువుగా), సరిగ్గా ఎదురెదురు దిక్కుల్లో నిలబడ్డాయి. సిస్‌లో (రెండూ ఒకే వైపు ఉన్నదానిలో) చెయిర్‌ను ఎన్నిసార్లు తిప్పినా ఆ అమరిక రాదు. ఈ రెండింటి రేట్ల మధ్య తేడా లక్ష రెట్ల స్థాయిలో ఉంటుంది! నాకు ఇప్పటికీ ఆ బొమ్మంటే ఎంతో ఇష్టం.

ఇప్పుడు సల్ఫర్‌కు అవతల ఏముందో చూడండి. బెంజీన్ రింగ్ పారా స్థానంలో (సల్ఫర్‌కు సరిగ్గా ఎదుటి మూలలో) మెథాక్సీ ఉంటే వేగం పెరుగుతుంది, నైట్రో ఉంటే తగ్గుతుంది. సల్ఫోన్ (సల్ఫర్‌కు రెండు ఆక్సిజన్లు అతికినది) అయితే సల్ఫర్ మీద లోన్ పెయిరే లేదు, సాయం సంగతి మర్చిపోండి.

ప్రశ్నలో రేట్ల పట్టిక ఇస్తే, క్లోరిన్ స్థానంలోకి వచ్చే హైడ్రాక్సైడ్ వరుస చూడండి. దాని గాఢత రెట్టింపైనా రేటు కదలకపోతే, నెమ్మదిగా నడిచే మెట్టులో క్లోరిన్‌ను పంపింది సల్ఫరే.