స్టేజ్ మేనేజర్ పెట్టె ఎలా సర్దుకోవాలి?

నాటకం మొదలైందంటే తెర వెనక పనులన్నీ చూసుకునే స్టేజ్ మేనేజర్‌ని ఎవరో ఒకరు ఏదో ఒకటి అడుగుతూనే ఉంటారు. "అన్నా, పిన్నీసుందా?" "మైక్ బ్యాటరీ అయిపోయింది." పిన్నీసు పెట్టెలో ఉంది, కానీ పెట్టె అవతలి వింగ్‌లో (స్టేజీ పక్కన తెర చాటున) ఉంది, మధ్యలో సీను నడుస్తోంది. అప్పుడు అది ఉన్నా లేనట్టే. అందుకే కొనాల్సిన జాబితా రాసే ముందు ఏది ఎక్కడ ఉండాలో తేల్చుకోండి. క్షణాల్లో కావాల్సినవి నడుముకు కట్టుకునే సంచిలో, నిమిషం ఆగగలిగినవి వింగ్‌లోని బల్ల మీద, మిగతావన్నీ పెట్టెలో.

1. ముందు స్క్రిప్టు చదవండి

పెన్సిల్ పట్టుకుని, ఈసారి కథ కోసం కాకుండా వస్తువుల కోసం చదవండి. ముసలాయనకు గడ్డం ఉందా? రెండు పేజీల గ్యాప్‌లో చీర మార్చుకునే పాత్ర ఉందా? చీకట్లో మంచం జరపాలా? చాయ్ గ్లాసు కింద పడుతుందా? ఇలాంటి ప్రతి చోటా ఏం తెగిపోవచ్చు, ఏం ఊడిపోవచ్చు, ఏం ఒలికిపోవచ్చు అని మార్జిన్‌లో రాసుకోండి. మీ నాటకానికి కావాల్సిన సామాను సగం అక్కడే తేలిపోతుంది. ఊరి కక్షల నాటకానికి, ఆఫీసు కామెడీకి ఒకే పెట్టె సరిపోదు.

2. ప్రాంప్ట్ కాపీ కట్టుకోండి

లైటు, మ్యూజిక్ ఎక్కడ మారాలో గుర్తులు రాసుకునే స్క్రిప్టే ప్రాంప్ట్ కాపీ. పెట్టెలో అన్నిటికంటే విలువైన వస్తువు ఇదే, ఖర్చు మాత్రం జిరాక్స్ డబ్బులే. స్క్రిప్టును ఎ4 కాగితానికి ఒకవైపే ప్రింటు తీయించి రింగ్ ఫైల్‌లో పెట్టండి. కుడివైపు డైలాగులు వస్తాయి, ఎడమవైపు ఖాళీ పేజీ మీది. లైటు మారే చోట "లై 4", మ్యూజిక్ వచ్చే చోట "మ్యూ 7" అని నంబర్లు వేసి, ఏ మాట మీద మారాలో ఆ మాట కింద గీత గీయండి. పెన్ను వద్దు. చివరి రిహార్సల్ దాకా దర్శకుడు మారుస్తూనే ఉంటాడు కాబట్టి పెన్సిల్, రబ్బరు ఫైల్‌కే దారంతో కట్టేయండి.

ప్రతి నంబరుకూ అరపేజీ ముందు "రెడీ" అని కూడా రాయండి. మన దగ్గర చాలా బృందాల్లో లైటింగ్ చేసే మనిషి, మ్యూజిక్ ప్లే చేసే మనిషి చివరి రోజే చేతికి దొరుకుతారు. వాళ్లకు ముందస్తు మాట లేకపోతే డైలాగ్ అయిపోయాక లైటు వస్తుంది. నంబర్లు మాత్రమే ఉన్న ఒక పేజీ వేరుగా రాసి వాళ్ల చేతికివ్వండి.

3. నడుము సంచి

చిన్న టార్చ్, పెన్సిల్, మార్కర్, పిన్నీసులు, చిన్న కత్తెర, రెండు బ్యాటరీలు, టేపు చుట్ట. ఇంతకంటే ఎక్కువ పెడితే వెతుక్కోవాలి. టార్చ్ అద్దానికి నీలం సెల్లోఫేన్ కాగితం రెండు పొరలు అంటించండి. తెల్ల వెలుగు ముందు వరుసల దాకా కనిపిస్తుంది, నీలం వింగ్‌లోనే ఆగుతుంది. టైం చూడడానికి ఫోన్ కన్నా మామూలు చేతి గడియారం నయం. ఫోన్ తెర వెలుగు ఒక తలనొప్పి. పైగా మైక్ వైర్ల దగ్గర ఫోన్ ఉంటే స్పీకర్లలో గరగర వినిపించొచ్చు. నాటక పరిషత్తు పోటీల్లో సెట్టింగ్‌కు, ప్రదర్శనకు టైం కట్టుదిట్టంగా ఉంటుంది కాబట్టి అక్కడ స్టాప్‌వాచ్ కూడా మెడలో వేసుకోండి.

4. టేపులు

జనం ఎక్కువగా పొరపడేది ఇక్కడే. నేల మీద కుర్చీ, మంచం ఎక్కడుండాలో గుర్తు పెట్టడానికి మాస్కింగ్ టేపు చాలు. దుమ్ము ఉన్న నేలకు ఏ టేపూ అంటదు, ముందు తడిగుడ్డతో తుడిచి ఆరనివ్వండి. వైర్లను నేలకు అదిమి పెట్టడానికి గాఫర్ టేపు మంచిది. గుడ్డతో చేసింది, మెరవదు, తీసేస్తే జిగురు పెద్దగా మిగలదు. దాని బదులు డక్ట్ టేపు వేస్తే మే నెల ఎండలకు జిగురు కరిగి వైర్లన్నీ జిడ్డుగా తయారవుతాయి. గాఫర్ టేపు హార్డ్‌వేర్ షాపుల్లో దొరక్కపోతే ఆన్‌లైన్‌లో ఒక చుట్ట తెప్పించుకుని పొదుపుగా వాడండి.

ఇక చీకట్లో మెట్టు అంచు కనిపించాలని బండ్లకు వేసే రేడియం స్టిక్కర్ కొనకండి. దాని మీద లైటు పడితేనే మెరుస్తుంది. బ్లాకౌట్‌లో లైటే ఉండదు కదా! కావాల్సింది గ్లో టేపు. అది ముందు వెలుగు పీల్చుకుని చీకట్లో కాసేపు వెలుగుతుంది, అందుకే ప్రదర్శనకు ముందు దాని మీద స్టేజీ లైట్లు కాసేపు పడనివ్వండి. వేలి గోరంత ముక్క చాలు. పెద్ద ముక్కలు వేస్తే ప్రేక్షకులు వాటినే చూస్తూ కూర్చుంటారు.

5. బల్ల మీద, పెట్టెలో

బల్ల మీద చార్టు పరిచి, ప్రతి వస్తువుకూ గడి గీసి పేరు రాయండి. గడి ఖాళీగా ఉంటే ఆ వస్తువు ఎవరి దగ్గరుందో అడగాలన్నమాట. పక్కనే నీళ్ల సీసా, నేల తుడిచే పొడిగుడ్డ.

పెట్టెలో సూది, నల్లదారం, తెల్లదారం, గుండీలు, పైజామా నాడా, సుతిలి, బైండింగ్ వైరు, సుత్తి, మొలలు, స్క్రూడ్రైవర్, కటింగ్ ప్లేయర్. అతికించిన గడ్డానికి స్పిరిట్ గమ్, తీసేయడానికి దాని రిమూవర్. చెమట మీద గమ్ పట్టదు, చెంపలు తుడిచి ఆరాకే రాయాలి. ఫెవిక్విక్ చెప్పు అడుగు ఊడితే పనికొస్తుంది, గడ్డం ఊడితే మాత్రం దాని జోలికి వెళ్లొద్దు. బ్యాండేజీ, దూది, ఓఆర్ఎస్ పొట్లాలు ఉంచండి. మాత్రలు ఎవరివి వాళ్లే తెచ్చుకోవాలని ముందే చెప్పేయండి.

కాలర్ మైకులకు ఏ సైజు బ్యాటరీలు పడతాయో సౌండ్ వాళ్లను ముందు రోజే అడగండి. ఆల్కలైన్ బ్యాటరీ 1.5 వోల్టులు, ఛార్జింగ్ చేసేది 1.2 వోల్టులు. అంటే రెండోది పెట్టినప్పుడు మైకులోని బ్యాటరీ గుర్తు సరైన లెక్క చూపించకపోవచ్చు. ప్రతి ప్రదర్శనకూ కొత్తవి వేసి, పాతవి టార్చ్‌కు వాడుకోండి. మ్యూజిక్ రెండు పెన్‌డ్రైవ్‌లలో, ఒక ఫోన్‌లో ఉండాలి. ఫోన్‌ను మిక్సర్‌కు కలిపే వైరు కూడా మరవద్దు.

6. హాలును ఒకసారి చూసి రండి

హనుమకొండలో పబ్లిక్ గార్డెన్‌లోని నేరెళ్ల వేణుమాధవ్ కళాప్రాంగణం అయినా, 2024లో ప్రారంభమైన కాళోజీ కళాక్షేత్రం అయినా, ఊళ్లో బడి ముందు వేసిన పందిరి అయినా, ముందు రోజు పోయి ప్లగ్ బోర్డులు చూడండి. 16 ఆంపియర్ల పెద్ద సాకెట్టే ఉంటే మీ ల్యాప్‌టాప్ చిన్న ప్లగ్‌కు కన్వర్టర్ కావాలి. ఆ కన్వర్టర్‌కు లైట్లు మాత్రం తగిలించొద్దు. అవి ఎలక్ట్రీషియన్ పని.

ప్రదర్శనకు ముందు కొబ్బరికాయ కొట్టే అలవాటు ఉంటే కర్పూరం, అగరొత్తులు, అగ్గిపెట్టె వేరే డబ్బాలో పెట్టుకోండి. స్టేజీ మీద నిప్పు ఒప్పుకుంటారో లేదో హాలు వాళ్లను అడగండి. కొబ్బరినీళ్లు పడిన చోట వెంటనే పొడిగుడ్డ వేయండి. మొదటి ఎంట్రీలో పరుగెత్తుకొచ్చే నటుడికి అవి కనిపించవు.

ఊరు దాటి కాజీపేటలో రైలెక్కే పనైతే సుత్తి, కట్టర్ పెట్టె అడుగున పెట్టి తాళం వేయండి. తాళం చెవి ఇద్దరి దగ్గర ఉండాలి.

పెట్టె మూత లోపలి వైపు జాబితా అంటించండి. నాటకం అయిపోగానే, ఫొటోలు దిగే సందడిలోనే, జాబితా చూస్తూ సామాను లోపల పెట్టండి. తగ్గినవాటికి అక్కడే టిక్కు పెట్టుకోండి. కత్తెర ఎవరు తీసుకున్నారో ఆ రాత్రి గుర్తుంటుంది, మర్నాటికి ఎవరూ చెప్పరు. చివరగా నేల మీది టేపులన్నీ పీకేయండి. లేకపోతే తర్వాతి బృందం మీ మంచం గుర్తు మీద వాళ్ల కుర్చీ వేసుకుంటుంది.