దమ్ములోకి దిగేముందు మినీ ట్రాక్టర్ హైడ్రాలిక్ పైపులు చూసుకోండి

తొలకరి పడ్డాక బండి ఆగితే మెకానిక్ దొరకడు, దొరికినా పైపు దొరకదు. అందుకే ఈ పని మే నెలలోనే చేసుకోవాలి. ఎండాకాలమంతా బయట నిలబెట్టిన బండికి పైపుల పైరబ్బరు గట్టిపడి, వంపుల దగ్గర వెంట్రుకంత పగుళ్లు పడతాయి. షెడ్డులో పెడితే ఎలుకలు కొరుకుతాయి. ట్రాలీ విప్పినప్పుడు పైపును కొక్కేనికి తగిలించకుండా వదిలేస్తే అది నేలమీద రాసుకుని లోపలి ఇనుప తీగ బయటపడుతుంది. తీగ కనిపించిన పైపు ఇంకా కారకపోయినా మార్చేయాల్సిందే. తడి తగిలి తీగ తుప్పు పట్టిందంటే, లోడు ఎత్తుతున్నప్పుడే పగులుతుంది.

తడి కనిపించగానే వేలితో తడిమి చూడటం చాలామందికి అలవాటు. ఇంజన్ తిరుగుతుండగా ఆ పని చేస్తే వేలే పోవచ్చు. బైకు టైరులో గాలి రెండు బార్ చిల్లర ఉంటుంది. మినీ ట్రాక్టర్ హైడ్రాలిక్స్‌లో ప్రెషర్ సాధారణంగా 150 నుంచి 200 బార్ దాకా వెళ్తుంది. చర్మాన్ని చీల్చుకుని ఆయిల్ లోపలికి పోవడానికి ఏడు బార్ చాలంటారు. సూదిబెజ్జమంత రంధ్రం నుంచి వచ్చే ధార సన్నగా, పొగలా ఉంటుంది, ఒక్కోసారి కంటికే ఆనదు. తోలు గ్లోవ్స్ వేసుకున్నా అది ఆగదు.

అసలు మోసం గాయంలోనే ఉంది. ముల్లు గుచ్చుకున్నంత చుక్క, కొద్దిగా మంట, అంతే. కొన్ని గంటలకు చెయ్యి ఉబ్బుతుంది, నల్లబడుతుంది. అప్పటికి ఆయిల్ నరాల వెంట అరచేతిలోకి పాకిపోయి ఉంటుంది. ఆలస్యమైతే వేలు తీసేయాల్సి రావచ్చు. కాబట్టి నొప్పి లేకపోయినా వెంటనే ఆపరేషన్ చేయగల సర్జన్ ఉన్న ఆసుపత్రికి వెళ్లాలి. ఊళ్లో టీటీ ఇంజక్షన్ వేయించుకుని ఇంటికి రావడం వైద్యం కాదు. గాయాన్ని పిండొద్దు, పసుపు పెట్టొద్దు, కాపడం పెట్టొద్దు. ఉంగరం ఉంటే వాపు రాకముందే తీసేయండి. డాక్టర్‌తో "ముల్లు గుచ్చుకుంది" అనకుండా "హైడ్రాలిక్ ఆయిల్ ప్రెషర్‌తో లోపలికి వెళ్లింది" అని చెప్పండి, ఆయిల్ డబ్బా కూడా చూపించండి.

ముందు ప్రెషర్ దించాలి

రోటావేటర్‌ను నేలమీద ఆనించండి, ట్రాలీని పూర్తిగా దించండి, ఇంజన్ ఆపి తాళంచెవి జేబులో వేసుకోండి. తర్వాత హైడ్రాలిక్ లివర్లు అన్నిటినీ అటూ ఇటూ నాలుగైదుసార్లు కదపండి. ఇంజన్ ఆగినా పైపులో ప్రెషర్ చిక్కుకునే ఉంటుంది, లివర్ కదిపితేనే పోతుంది. ఆయిల్ వేడి తగ్గడానికి ఓ అరగంట ఆగండి.

ట్రాలీ పైకి లేచి ఉండగా పైపు కారడం మొదలైతే నట్టు మీద పానా పెట్టొద్దు. ట్రాలీని ఎత్తి పట్టుకున్నది ఆ పైపులోని ఆయిలే. నట్టు వదులైతే ట్రాలీ డబ్బా కిందికి వచ్చేస్తుంది, కింద మనిషి ఉన్నాడా లేదా అని చూడదు. ట్రాలీతో ఇచ్చిన ఇనుప స్టే, అంటే ఊతకడ్డీ పెట్టి, దాని మీద డబ్బాను ఆనించాకే చేతులు లోపల పెట్టాలి. సరుగుడు బాదులు, ఇటుకలు ఈ పనికి పనికిరావు.

లీకు ఎక్కడుందో పట్టడం

ఆయిల్ బొట్టు పడే చోటుకీ లీకు ఉన్న చోటుకీ చాలాసార్లు సంబంధం ఉండదు. ఆయిల్ పైపు వెంట పాకి, తక్కువ ఎత్తున్న వంపు దగ్గర బొట్టు కడుతుంది. పాత జిడ్డు మీద కొత్త లీకు కనిపించదు. సబ్బునీళ్లతో కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, అనుమానమున్న చోట్ల ముఖానికి రాసుకునే పౌడర్ పలచగా చల్లండి. ముగ్గుపిండి వద్దు, దానిలోని గరుకు నట్టు సందుల్లోకి పోతుంది.

ఒకరు సీటులో కూర్చుని ఇంజన్‌ను కొంచెం రేసులో పెట్టి, లివర్ వేసి లోడు ఎత్తాలి. జాకీ, అంటే లోడు ఎత్తే హైడ్రాలిక్ సిలిండర్, చివరికంటా వెళ్లాక లివర్‌ను మూడు నాలుగు సెకన్లకు మించి పట్టి ఉంచకూడదు, ఆయిల్ ఊరికే వేడెక్కుతుంది. రెండో మనిషి కళ్లద్దాలు, ఫుల్ చేతుల చొక్కా వేసుకుని, పొడుగాటి కర్రకు కట్టిన అట్టముక్కను పైపు వెంట తిప్పాలి. అట్ట మీద తడి గీత పడిన చోటే లీకు. తడిసిన చోట్లలో అన్నిటికన్నా ఎత్తులో ఉన్నదాన్నే నమ్మండి.

తడి నట్టు దగ్గరైతే బిగింపుతో పోవచ్చు. పైపు చివర నొక్కిన ఇనుప కాలర్ దగ్గరైతే, అంటే క్రింపింగ్ దగ్గరైతే, పైపు మార్చడమే. క్విక్ కప్లర్ దగ్గరైతే, అంటే ట్రాలీ పైపును బండికి తగిలించే జోడు దగ్గరైతే, చాలావరకు ఓ-రింగు (లోపలి గుండ్రటి రబ్బరు సీలు) అరిగి ఉంటుంది, లేదా మూత పెట్టక ఇసుక చేరి ఉంటుంది.

చుక్క కారకుండానే లిఫ్ట్ కుదుపులతో లేస్తూ, పంపు ఈల వేస్తుంటే అది సక్షన్ వైపు, అంటే పంపు ఆయిల్‌ను లాక్కునే వైపు లీకు. అక్కడ ఆయిల్ బయటికి రాదు, గాలి లోపలికి పోతుంది, ఆయిల్‌లో నురగ కనిపిస్తుంది. ఎత్తిన రోటావేటర్ ఇంజన్ ఆపగానే తనంతట తాను దిగిపోతుంటే తప్పు పైపులది కాదు, లిఫ్ట్ లోపలి సీలు లేదా వాల్వుది. పైపులకు డబ్బు తగలేయొద్దు.

బిగించడం, మార్చడం

ఎప్పుడూ రెండు పానాలు వాడండి, ఒకటి నిప్పుల్‌ను (నట్టు ఎక్కే మర ముక్కను) కదలకుండా పట్టుకోవడానికి, రెండోది నట్టు తిప్పడానికి. ఒక్క పానాతో తిప్పితే పైపు మెలిపడుతుంది. పావు చుట్టు బిగించినా ఆగకపోతే ఇంకా బలంగా తిప్పొద్దు, నట్టు లోపల ఆనే ఏటవాలు అంచు, అంటే కోన్ మీద గీత పడి ఉంటుంది. ఈ నట్లకు టెఫ్లాన్ టేపు చుట్టడం ప్లంబర్ అలవాటు. ఇక్కడ సీలు పడేది మర మీద కాదు, లోపలి కోన్ మీదో ఓ-రింగు మీదో. తెగిన టేపు ముక్క వాల్వులో ఇరుక్కుంటే లిఫ్ట్ మొరాయిస్తుంది. టైరు ట్యూబు చుట్టి క్లిప్పు బిగించడం, మధ్యలో ఇనుప గొట్టం పెట్టి అతకడం కూడా ఇంతే. 150 బార్ దగ్గర ఆ అతుకు తూటాలా ఊడి వస్తుంది.

పాత పైపును దుకాణానికి తీసుకెళ్లండి. బీఎస్‌పీ మర (అంగుళాల కొలత), మెట్రిక్ మర (మిల్లీమీటర్ల కొలత) చూపుకు ఒకేలా ఉంటాయి. చేత్తో రెండు చుట్లు ఎక్కి బిగుసుకుందంటే అది మీ మర కాదు. పైపు మీది అచ్చు చదవండి. లోపల ఒక వరస తీగ అల్లిక ఉన్న 1ఎస్‌ఎన్ రకం 3/8 అంగుళం పైపు 180 బార్‌కు, రెండు వరసల అల్లిక ఉన్న 2ఎస్‌ఎన్ రకం 330 బార్‌కు తయారవుతాయి. అర అంగుళంలో అయితే అవే 160, 275 బార్. ట్రాలీ జాకీకి 2ఎస్‌ఎన్‌యే అడగండి, ధరలో తేడా ఒక పగిలిన పైపు నుంచి కారిపోయే ఆయిల్ విలువ కూడా ఉండదు. తయారీ తేదీ కూడా అచ్చులోనే ఉంటుంది, రాక్‌లో ఏళ్లు పడి ఉన్న పైపు వద్దు.

ప్రెషర్ ఎక్కితే పైపు నూటికి నాలుగు పాళ్ల దాకా కురచ కావచ్చు, అంటే మీటరుకు నాలుగు సెంటీమీటర్లు. బిగుతుగా లాగి కట్టొద్దు, కాస్త జారు ఉంచండి. 3/8 పైపును 13 సెంటీమీటర్ల వ్యాసార్థం కన్నా గట్టిగా వంచకూడదు. బిగించాక అచ్చు గీత తిన్నగా ఉందో లేదో చూడండి, మెలికలు తిరిగితే పైపు మెలిపడినట్టే. సైలెన్సర్‌కు దూరంగా నడపండి, ఆయిల్ చిమ్మి వేడి సైలెన్సర్ మీద పడితే అంటుకుంటుంది. కొత్త పైపులోకి గాలి కొట్టించకుండా బిగించొద్దు. కోసినప్పటి ఇనుపరజను, రబ్బరు పొడి అందులోనే ఉంటాయి.

చాలా మినీ ట్రాక్టర్లలో గేరుబాక్సుకు, లిఫ్టుకు, ఆయిల్ బ్రేకులకు ఒకటే ఆయిల్. పైపు కారిందంటే గేర్ల ఆయిల్ కూడా తగ్గినట్టే. ట్రాక్టర్ పుస్తకంలో చెప్పిన రకమే పోయాలి, మిగిలిపోయిన ఇంజన్ ఆయిల్ పోస్తే బ్రేకులు పాడవుతాయి. పోశాక ఇంజన్‌ను స్లోలో ఉంచి జాకీని నాలుగైదుసార్లు ఎత్తి దించితే గాలి పోతుంది. లిఫ్ట్, ట్రాలీ రెండూ దించి ఉండగానే ఆయిల్ గేజి చూడాలి. ఆయిల్ పాలరంగుకు తిరిగితే నీళ్లు చేరాయి, అది మొత్తం మార్చాలి.

దమ్ములో ఉండగా బురద కింద లీకు కనిపించదు, మడి నీళ్ల మీద రంగురంగుల తెట్టు తేలితేనే తెలుస్తుంది. పవర్ స్టీరింగ్ పైపులు ముందు ఇరుసు దగ్గర ఆ బురదలోనే ఉంటాయి, స్టీరింగ్ బరువెక్కితే గట్టు మీదికి ట్రాలీతో వెళ్లొద్దు. టూల్ బాక్సులో నాలుగు ఓ-రింగులు, కప్లర్ మూతలు రెండు ఉంచుకోండి. ట్రాలీ పైపు పొలంలో పగిలితే ప్రెషర్ దించి కప్లర్ విప్పి మూత పెడితే, గేజిలో ఆయిల్ సరిపోయినంత ఉన్నప్పుడు రోటావేటర్ పని సాగించుకోవచ్చు.