ఎజ్రా 1–6 అధ్యాయాలకు తేదీలు కట్టడం ఎలా

యెరూషలేము మందిరాన్ని తిరిగి కట్టిన కథను బైబిలులోని ఎజ్రా గ్రంథంలో వరసగా చదువుకుంటూ పోతే నాలుగో అధ్యాయం దగ్గర తల తిరుగుతుంది. కోరెషు, తర్వాత అహష్వేరోషు, ఆపైన అర్తహషస్త, మళ్లీ వెనక్కి దర్యావేషు! అందుకే ముందు ఒక కాగితం మీద పారసీక రాజులను అసలు వరసలో రాసుకోండి. కోరెషు (బళ్లో చదువుకున్న సైరస్) బబులోనును పట్టుకున్నది క్రీ.పూ. 539లో, 530 వరకు ఉన్నాడు. కాంబైసిస్ 522 వరకు, దర్యావేషు 486 వరకు, అహష్వేరోషు 465 వరకు, అర్తహషస్త 424 వరకు. కాంబైసిస్ పేరు ఎజ్రాలో రాదు. అయినా రాయండి, లేకపోతే ఎనిమిదేళ్లు లెక్కలోంచి జారిపోతాయి.

ఇప్పుడు పెన్సిలు తీసుకుని 4:6 (నాలుగో అధ్యాయం ఆరో వచనం) నుంచి 4:23 వరకు పక్కన గీత పెట్టండి. ఆ భాగం తర్వాతి కాలానిది. 4:5 దర్యావేషు దగ్గర ఆగుతుంది, 4:24 మళ్లీ దర్యావేషునే అందుకుంటుంది. మధ్యలో అర్తహషస్తకు వెళ్లిన ఫిర్యాదు పట్టణం గురించి, ప్రాకారాల గురించి. మందిరం ఊసే లేదు. ఫిర్యాదులన్నీ ఒకచోట కుప్ప పోశారన్నమాట.

ఇక ఏళ్ల లెక్క. రాజు గద్దెనెక్కిన ఏడాదిని బబులోను పద్ధతిలో లెక్కించరు. ఆ తర్వాత వచ్చే నీసాను నెల (ఏడాదిలో మొదటి నెల) నుంచి మొదటి సంవత్సరం. నీసాను దాదాపు మన ఉగాది వేళకే, మార్చి–ఏప్రిల్‌లో వస్తుంది. కాబట్టి దర్యావేషు ఏడాదిని 522 లోంచి, కోరెషు ఏడాదిని 539 లోంచి తీసేయండి. దర్యావేషు రెండో ఏడు 520. అప్పటి ప్రవక్త హగ్గయి గ్రంథం 1:1లోని ఆరో నెల మొదటి రోజు ఆగస్టు 29. పని మొదలైంది అదే నెల 24న, అంటే సెప్టెంబరు 21.

ఎక్కువమంది తప్పేది మందిరం పూర్తయిన తేదీలో. ఎజ్రా 6:15 ప్రకారం దర్యావేషు ఆరో ఏడు, అదారు నెల మూడో రోజు. తీసివేస్తే 516 వస్తుంది, అక్కడితో ఆపేస్తారు. అదారు పన్నెండో నెల, మన ఫాల్గుణం లాంటిది. అప్పటికి జనవరి దాటిపోయింది. కనుక ఇంకొకటి తగ్గించి 515 మార్చి అనాలి. పదకొండు, పన్నెండు నెలలు కనిపిస్తే ఎప్పుడూ ఇంతే. 3:8లోని ‘రెండవ సంవత్సరం’కు మాత్రం ఈ సూత్రం వాడకండి: అది రాజు ఏడాది కాదు, బబులోను చెర నుంచి జనం తిరిగి వచ్చిన తర్వాతి రెండో ఏడు.

కోరెషు ఆజ్ఞ రెండుసార్లు వస్తుంది, రెండింటినీ కలిపేయవద్దు. 1:2–4 హెబ్రీలో ఉన్న చాటింపు: వెళ్లండి, కట్టండి, ఇరుగుపొరుగువారు సాయం చేయండి. 6:3–5 అరామిక్‌లో ఉన్న ఆఫీసు పత్రం. ఆ ప్రాంతపు పారసీక అధిపతి తత్తెనై బబులోనులో వెతకమని రాస్తే అది అహ్మెతాలో (నేటి హమదాన్) దొరికింది. ఎత్తు 60 మూరలు, వెడల్పు 60 మూరలు, మూడు వరసలు రాళ్లు, ఒక వరస కలప, ఖర్చు రాజు ఖజానాది. పొడవు లేదు! సొలొమోను మందిరం వెడల్పు 20 మూరలే, కాబట్టి ఈ కొలతలతో ప్లాను గీయబోకండి. కోరెషు మట్టి స్తూపాన్ని (సైరస్ సిలిండర్ అనే, రాతలున్న గుండ్రటి మట్టి దిమ్మెను) కూడా ఈ ఆజ్ఞకు నకలుగా చూపకండి. దేవతామూర్తులను వాటి ఊళ్లకు పంపినట్టు అందులో ఉంది గానీ యెరూషలేము పేరు లేదు.

1:9–10లో కోరెషు తిరిగి ఇచ్చిన మందిరపు గిన్నెలు, ఇతర సామాన్ల లెక్క కూడితే 2,499 వస్తాయి, 1:11లో మొత్తం 5,400. తేడాను తేడాగానే రాసుకోండి.

లెక్క వంటబట్టిందో లేదో అదే కాలపు ప్రవక్త జెకర్యా గ్రంథంతో సరిచూసుకోండి. 7:1లో నాలుగో ఏడు, తొమ్మిదో నెల: 518 డిసెంబరు. 1:7లో రెండో ఏడు, పదకొండో నెల: 520 అని వచ్చిందా? ఒకటి తగ్గించండి, 519 ఫిబ్రవరి.